పదకొండో గది

తిరుపతి రైల్వేస్టేషను ముందర పదారేండ్లు
జనం నుదుట్న నామాలు పెట్టి బతికినాను.
అయిదు రూపాయలకు మూడు గీతలు.
చిల్లర లేదంటే దండం పెట్టి పొయ్యేవాళ్ళు.
రేత్రిళ్ళు తల కింద చెప్పులే దిండు,
అవీ పోయినాయి రెండు మార్లు.

కండ్లు పచ్చబడినాయని
రుయాకు తోలకపొయ్యింది శెల్వి.
"తాగుతావా?" అన్నారు మొదట.
"రక్తంలో పురుగు, సి రకం" అన్నారు తర్వాత.
ఎప్పుడు దూరిందో తెలీదు.
కాన్పులో ఎక్కించిన సీసా రక్తమో,
జాతరలో పచ్చబొట్టు పొడిచిన సూదో.
ఇరవై ఏండ్లు అద్దె లేకుండా
నా లోపల కాపరముండింది.
నాకే ఇల్లు లేదు,
దానికి నేను ఇల్లు.

కార్జం అంటే నాకు తెలిసింది
కొర్లగుంటలో ఆదివారం మటన్ అంగడి.
నల్లగా, మెత్తగా, ఆకులో చుట్టి ఇచ్చేది.
నాది గట్టిపడిందంట.
మిషను ఆనించి పక్కటెముకల మీద
టక్కు టక్కుమనిపించింది మెర్సీ సిస్టరు.
తలుపు తట్టినట్టుండె.
నవ్వొచ్చింది నాకు:
"నా తలుపు తట్టిన మొదటి మనిషివి తల్లీ నువ్వు."
ఆమె నవ్వలేదు. పద్నాలుగు అని రాసుకునింది.

మాత్రలు ఊరికే ఇస్తారంట. దినానికొకటి,
ఎనభై నాలుగు దినాలు, ఒక్కటీ తప్పకూడదు.
కాగితంలో ఒక గడి ఖాళీగా ఉండిపొయ్యింది, అడ్రసు.
"స్టేషను ఎదురుగా" అంటే ఒప్పుకోలేదు కంప్యూటరు.
మెర్సీ పూచీ మీద ఒక డబ్బా ఇచ్చినారు.
తొమ్మిదో దినం వాన.
పదో దినం ఎవరో పెద్దమనిషి కొండకొస్తాడని
మమ్మల్నీ మా మూటల్నీ లారీల్లోకెత్తి
రేణిగుంట దాటించి దించినారు.
మూటలో మాత్రలు. మూట ఏ లారీలోనో.
నామాల పెట్టె మటుకు చంకలో మిగిలింది.

దొరసామి అనేవాడు:
"మందు దొరుకుతాది మే, పెట్టుకునే గూడే దొరకదు."
ఆయప్పకూ ఇదే జబ్బు. కడుపు కుండైంది.
రోడ్డు మీద పడుకునే రోగిష్టోళ్ళకని
జీవకోనలో పదకొండు గదుల ఇల్లు తెరిచినారు.
జాబితాలో నాది పదకొండు.
ఆయప్పది పన్నెండు.

గదిలో మంచం. గోడలో ఒక గూడు.
గూట్లో మాత్రల డబ్బా, మళ్ళీ ఒకటి నుంచి.
మొదటి వారం మంచమెక్కలేదు,
అంత ఎత్తు నుంచి పడతానని బయం.
తలుపు దగ్గర నేల మీదే, చెప్పులు తల కింద.
సంగటి నేనే కెలుక్కున్నా, ఉప్పు తగ్గించి.
మాత్ర మింగిన ప్రతి దినం
గోడ మీద తిరుమణితో ఒక నామం.
సున్నం పాడవుతాదని అరిచింది వార్డెను కళావతి.
అరిచిన మనిషే ఒక రేత్రి వచ్చి
"ఇరవై మూడో నామం ఏదీ?" అనింది.
మర్చిపోయి ఉండా. అప్పుడు లేచి మింగినా.

ముప్పై ఒకటి పెట్టిన దినం
శెల్వి వచ్చి చెప్పింది,
దొరసామి అయిదో ప్లాట్‌ఫారం మీద పొయ్యినాడని,
తెల్లారే దాకా నిద్రపోతున్నాడనుకున్నారని.
ఆ దినం రెండు నామాలు పెట్టినా.
కడాన మెర్సీ సిస్టరు వచ్చి లెక్కబెట్టి
ఎనభై అయిదెట్లా అయినాయి అనింది.
చెప్పలేదు.

రక్తంలో పురుగు లేదంట ఇప్పుడు.
కార్జం మీద మచ్చ మటుకు ఉంటాదంట,
ఆర్నెల్లకొకసారి వచ్చి చూపించుకోమన్నారు.
రమ్మని జాబు కూడా వచ్చింది.
నాకు చదువు రాదు, కళావతి చదివింది:
మొగిలమ్మ, పదకొండో గది, జీవకోన.
ఇంకోసారి చదవమన్నా.
మూడోసారికి కసిరింది.

నిన్న రేత్రి ఎవరో తలుపు తట్టినారు.
ఉలిక్కిపడి లేచి
చీకట్లో మూట కోసం తడుముకున్నా.
ఇన్నేండ్లూ ఆ మాట
టార్చిలైటు మొహాన కొట్టి, లాఠీ కొసతో పొడిచి
నన్నే అడిగేవాళ్ళు.
గొళ్ళెం మీద చెయ్యేసి,
తియ్యకుండా,
లోపల్నించి నేనడిగినా:
"ఎవరది?"